మూడో గింజ

పట్టాభిరామయ్య సారు పేపర్ చదువుడు మొదలుపెడితె ఇబ్రహీంపట్నం బస్టాండుల సగం మందికి వినబడ్తది. ఆయన గొంతు అసొంటిది. ఆంధ్ర నుంచి వచ్చి ఇరవై ఏండ్లయింది, ఇక్కడ్నే కాలనీల ఇల్లు కట్టుకున్నడు. కాలువల డిపార్టుమెంటుల ఇంజనీరు చేసి రిటైరయిండు. పొద్దుగాల వాకింగ్ అయినంక మరియక్క చాయ్ బండి కాడ బెంచి మీద కూసుంటడు. లోకంల ఎక్కడ ఏం కడ్తున్నరో, ఎవరు ఏం కనిపెట్టిన్రో మాకు చదివి చెప్తడు. మేమంటె ముగ్గురం. నేను, మరియక్క, చేపల సిద్దయ్య కాక. కాక పెద్దచెరువుల వల తీసి, చేపల డబ్బాలు బేరగాళ్లకు అప్పజెప్పి, చేతులు కడుక్కొని వస్తడు. నాకు కంపెనీ వ్యాన్ ఏడు నలభైకి. నేను ఏడింటికే వస్త. ఇంటి పని ఎగ్గొట్టనీకె అని నా మొగడు బాలేష్ అంటడు గని, సారు ముచ్చట వినుడు నాకు మస్తు ఇష్టముండె. మొన్నటి దసరా దాక ఇష్టముండె.

దసరా అయిన నాలుగోనాడు అనుకుంట. సారు పేపర్ మడిచి కాకను అడిగిండు.

"సిద్దయ్యా, రాకెట్ ఎందుకు కూలిపోతుందో చెప్పు చూద్దాం."

"పెట్రోల్ అయిపోతె," అన్నడు కాక.

సారు నవ్విండు. "చాలా ఏళ్ల క్రితం సంగతి. పరాయి దేశంలో ఓ పెద్ద రాకెట్ పైకి లేచి కాసేపటికే పేలిపోయింది. ఎందుకని వెతికితే ఏం తేలిందో తెలుసా? లోపల నీళ్ల గొట్టంలో ఎవరో గుడ్డ ముక్క మరిచిపోయారు. చేతులు తుడుచుకునే గుడ్డండీ. అంతమంది చదువులూ, అన్నేళ్ల కష్టమూ ఒక్క పేలిక మింగేసింది."

"మరి ఆ మరిచిపోయినోడు ఏమయిండు?" అన్నది మరియక్క.

"వాడెవడో ఎవరికి తెలుసు? పాపం, వాడికే తెలీదేమో."

అందరు నవ్విన్రు. నేను తాగబోయిన చాయ్ గ్లాసు బెంచి మీద పెట్టేసిన. ఎందుకంటె మరిచిపోయినోనికి తెల్వకపోవచ్చు. నాకు తెలుసు.

నా పని ఏందో చెప్తె గని మీకు సమజ్ కాదు. రావిర్యాల దిక్కు ఒక చిన్న కంపెనీల చేస్త. మిషన్లు ఇనుమును కోసి, రంధ్రాలు పొడిచి పీసులు చేస్తయి. కోసిన కాడ అంచులకు సన్నటి ఇనుప పొరలు, వెంట్రుకల అసొంటియి అంటుకొని ఉంటయి. వాటిని బర్ అంటరు. పెద్ద అద్దం కింద పీసు పెట్టి, బ్రష్షుతోని, కొక్కెంతోని ఆ బర్ తీసుడు నా పని. తీసినంక ఒక నూలు దారం రంధ్రంల నుంచి లాగుత. దారం పోగు తట్టుకున్నదంటె లోపల ఇంక బర్ ఉన్నట్టు. సాఫ్‌గ వచ్చిందంటె అయిపోయినట్టు. ఈ దారం ఉపాయం నాదే. కొత్తగ వచ్చిన పిల్లలకు నేర్పింది గుడ నేనే. నాలుగేండ్ల సంది ఆ బల్ల కాడ నా చెయ్యి దాటిన పీసు ఒక్కటి గుడ వాపస్ రాలేదని నాకు జర పొగరు గుడ ఉండె.

ఆ పీసులు ఎక్కడికి పోతయో మాకు చెప్పరు. వాటికి పేరు ఉండదు, నంబరే. వాటిని కొనే కంపెనోళ్లు వాటిని ఏ మిషన్ల బిగిస్తరో, ఆ మిషన్ ఆకాశంల ఉంటదో, నీళ్లల ఉంటదో మాకు తెల్వది. తెలుసుకోవాలని నేను ఎన్నడు అనుకోలే.

దసరాకు ముంగట కొత్త ఆర్డరు వచ్చింది. పన్నెండు పీసులు, పండుగ లోపలనే అన్నిటికి బర్ తీసినం. మొదటి పీసు పూర్తిగ తయారయి, కడిగి, మా క్వాలిటీ చూసే వసంతలక్ష్మి మేడం సన్న కెమెరా లోపల పెట్టి చూసి, పాస్ అని సంతకం చేసింది. ఆయుధ పూజ నాడు మేనేజరు ఆ మొదటి పీసును తెచ్చి చాప మీద అమ్మోరి పటం ముంగట పెట్టిపిచ్చిండు. మిషన్లకు బొట్లు పెట్టినం, నిమ్మకాయలు పెట్టినం, కొబ్బరికాయ కొట్టినం. అందరు అక్షింతలు చల్లి ప్రసాదం కాడికి పోయిన్రు. నేను వెనుక ఉన్న.

ఆ పీసు దిక్కు చూసిన. నడుమ గిన్నె లెక్క గుంట, గుంట అడుగున మూడు రంధ్రాలు. అచ్చం మా జడ్డిగం లెక్క ఉన్నది.

జడ్డిగం అంటె విత్తనాలు వేసే గొర్రు మీద ఉండే కట్టె గిన్నె. దాంట్ల విత్తనం పోస్తె అడుగు రంధ్రాలల్లకెల్లి సాళ్లల్ల పడ్తది. మాది యాచారం దిక్కు. వానలు పడి గొర్రు కట్టిన నాడు మా అమ్మ నర్సింహమ్మ పసుపు బియ్యం మూడు గింజలు తీసి, ఒక్కో రంధ్రంల ఒక్కోటి వేసేది. ఆడిబిడ్డ చేత్తోని ముందుగాల పెట్టాలె, అటెన్క మొగోళ్లు విత్తు పొయ్యాలె. అమ్మ పోయినంక ఆ పని నాకు వచ్చింది. మా భూమి సర్కారు తీసుకున్నంక ఆ పని గుడ పోయింది. గొర్రు అమ్మినం. జడ్డిగం అమ్మబుద్ధి కాలే. కిరాయి ఇంట్ల అటక మీద ఉన్నది, దాంట్ల ఉల్లిగడ్డలు పోసుకుంటున్నం.

నాకు ఆ పొద్దు ఏమయిందో ఏమో. చాప మీది అక్షింతలల్ల మూడు గింజలు ఏరి, మూడు రంధ్రాలల్ల వేసి దండం పెట్టిన. కొత్త ఆర్డరు మంచిగ సాగాలె అనుకున్న. నిజం చెప్పాలంటె ఆర్డరు గురించి గాదు, అమ్మ యాదికొచ్చింది. అంతే.

అటెన్క పీసును అరచేతుల బోర్లించిన. రెండు గింజలు పడ్డయి. మల్ల ఊపిన. కింద చెయ్యి పెట్టి తట్టిన. మూడోది రాలే. గొర్రుల వేసిన గింజ భూమిల పడ్తది, అది ఎటు పోయిందని ఎవరు వెతుకుతరు? కరుణా, ఫోటోకు రా అని పిలిచిన్రు. చాప మీద అంత అక్షింతలే ఉన్నయి. మూడోది అప్పుడే జారి అండ్ల కలిసిందేమో అనుకున్న. అనుకొని పోయిన. ఎర్ర చీర కట్టుకొని ఫోటోల నవ్వుకుంట నిలబడ్డ. అటెన్క మా బల్లలోళ్లకు రెండు దినాలు సెలవు. తిరిగొచ్చే వరకు పన్నెండు పీసులు సంచులల్ల సీలు వేసి పంపేసిన్రు.

ఆనాడే పోయి చెప్పాలె. చెప్పలే. ఏమని చెప్తవ్? పాస్ చేసిన పీసుల పసుపు బియ్యం పోసిన, జర చూడున్రి అనా? నా మీద నాకే చీదరయ్యింది. పడే ఉంటది తియ్యి అని నన్ను నేనే బుకాయించుకున్న. సారు ఆ గుడ్డపేలిక ముచ్చట చెప్పేదాక బుకాయింపు నడిచింది.

ఇగ అక్కడ్నుంచి సారు నోరు తెరిస్తె నాకు భయం. ఆయనేమో మామూలుగనే చెప్తున్నడు. ఒకనాడు సముద్రం అడుగుకు మనుషులను దించే బండి గురించి చెప్పిండు. గుండ్రటి డబ్బాల ముగ్గురు కూసుంటరట, మీద కిలోమీటర్ల కొద్ది నీళ్లట.

"లోపల గాలి ఎట్ల సారు?" అని అడిగిన.

"గాలి సిలిండర్లు, గొట్టాలు, వాల్వులు. అంతా వాల్వుల మీదే నడుస్తుందమ్మా."

వాల్వు అంటె గాలినో నూనెనో ఆపి వదిలే తలుపు అని మాకు మేడం ఒకసారి చెప్పింది. మా పన్నెండు పీసులు వాల్వు కోసమే అని గుడ అన్నది. ఆ పొద్దు వ్యాన్ల కిటికీ పక్కకు కూసుంటె, నా ముంగట ముగ్గురు ఒక డబ్బాల ముడుచుకొని కూసున్నట్టే అనిపించింది. వాళ్ల మొఖాలు గుడ కనబడ్డయి. ఒకడు మా తమ్ముడు ఐలేష్ లెక్క ఉన్నడు.

ఇంకొకనాడు గుట్ట కింద సొరంగం తవ్వే మిషన్ ముచ్చట. రైలంత పొడుగుంటదట, ముంగట పెద్ద చక్రం తిరుగుకుంట రాయిని పిండి చేస్తదట. సారు తన కాలంల సొరంగాలు ఎట్ల తవ్విన్రో చెప్పుకుంట మురిసిపోయిండు. నేను మాత్రం ఆ మిషన్ లోపల నూనె గొట్టాలు ఎన్ని ఉంటయా అని లెక్కపెట్టుకున్న. మరొకనాడు పంది కిడ్నీ మనిషికి పెట్టిన్రని చదివిండు. కాక ఊకుంటడా? "మరి దావత్‌ల పంది కూర పెడితె ఆ కిడ్నీ ఏమనుకుంటది సారు?" అన్నడు. మరియక్క చాయ్ వడబోసుకుంట పడి పడి నవ్వింది. నేను గుడ నవ్వేదాన్నే. గని ఆపరేషన్ల మనిషిని బతికుంచే మిషన్ల గుడ వాల్వులు ఉంటయి గదా అని నా మనసు అటే పోయింది. లోకంల ఎక్కడ ఏ కొత్త మిషన్ వచ్చినా దాంట్ల నా గింజ ఉన్నది.

అన్నం తినబుద్ధి కాలే. బియ్యం కడుగుకుంట నడుమల ఆగి గింజల దిక్కే చూస్తుంటి. బాలేష్ చూసి, "జరం వచ్చిందా, దవాఖానకు పోదామా?" అన్నడు. ఏం లేదు అన్న. పదిహేను దినాలు అట్ల గడిచినయి.

ఒకనాడు సారు మస్తు హుషారుగ ఉన్నడు. మన దేశం మనుషులను ఆకాశంలకు పంపేటందుకు తయారయితున్నది, పరీక్షల మీద పరీక్షలు చేస్తున్నరు అని చదివిండు. చదివి మా దిక్కు తిరిగి, "మన చుట్టుపక్కల చిన్న చిన్న షెడ్లల్లో తయారైన సామాన్లు కూడా అలాంటి వాటిల్లో ఉంటాయి తెలుసా? కరుణా, నీ చెయ్యి పడిన పీసు కూడా ఉండొచ్చు. గర్వపడాలమ్మా," అన్నడు.

 బెంచి పట్టుకున్న.

"సారు, ఒక మాట అడుగుత," అన్న. "గొట్టంల ఒక బియ్యపు గింజ ఉండిపోతె ఏమయితది?"

సారు కండ్లు మెరిసినయి. పాపం, ఆయనకు చెయ్యనీకె ఒక లెక్క ఇచ్చినట్టయింది. పేపర్ అంచు మీద పెన్నుతోని గొట్టం గీసిండు, దాంట్ల చిన్న చుక్క పెట్టిండు.

"గొట్టంలో పారేది ఏమిటన్న దాన్నిబట్టి ఉంటుంది. నూనె అయితే గింజ మెల్లగా కదులుతుంది. గాలి అయితే తూటాలా పోతుంది. ఏదైనా చివరికి ఇదిగో, ఇక్కడ ఇరుకు దగ్గర కూర్చుంటుంది. అప్పుడు వాల్వు మూసుకోమంటే మూసుకోదు. లేదా తెరుచుకోమంటే తెరుచుకోదు. అబ్బ, మంచి ప్రశ్న అడిగావమ్మా. మా దగ్గర పనిచేసిన కుర్ర ఇంజనీర్లు కూడా ఇలా అడగలేదు."

కాక బీడీ ఆర్పిండు. ఈసారి నవ్వులాట ఆడలే. నా మొఖం దిక్కు ఒకసారి చూసి, సారును అడిగిండు.

"లోపల మనిషి ఉంటె సారు?"

"ఉంటే ఏముంది సిద్దయ్యా. అంతే సంగతులు," అన్నడు సారు. పేజీ తిప్పి, ఎడారిల కడ్తున్న కొత్త పట్నం గురించి చదువుడు పెట్టిండు.

వ్యాన్ వచ్చింది. ఎక్కిన. కంపెనీల దిగినంక బల్ల కాడికి పోలే, సీదా వసంతలక్ష్మి మేడం రూముకు పోయిన. మేడం భీమవరం మనిషి. చిన్న వయసే గని పని కాడ పులి. ఒక్క పీసు మీద వేలిముద్ర పడినా ఊకోదు. తలుపు కాడ నిలబడి మొత్తం చెప్పిన. జడ్డిగం, మా అమ్మ, మూడు గింజలు, ఏది దాచలే.

మేడం మొదలు నవ్వబోయింది. అటెన్క నవ్వు ఆగిపోయింది.

"ఎన్ని వేశావు?"

"మూడు."

"ఎన్ని బయటికి వచ్చాయి?"

"రెండు."

"సరిగ్గా గుర్తు చేసుకో. ఎన్ని?"

"రెండే మేడం."

లేచి వచ్చి తలుపు మూసింది. కుర్చీల కూసుంది. ఫైలు తీసి, మొదటి పీసు కాగితం మీద వేలు పెట్టింది. "పూజ అయ్యాక మిగతా పదకొండూ కెమెరాతో చూసి పంపించేశాను. దీన్ని చూడలేదు. ముందే పాసైంది కదా అని. సంతకం నాది," అన్నది. ఆ మాట నాకు చెప్పినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టున్నది. సంతకం మీది వేలు తియ్యలే. నా అసొంటిదానికి భయమయితె అయితది, ఇంత చదువుకున్నామెకు గుడ భయమయ్యేసరికి నా భయం రెండింతలయ్యింది.

"నువ్వు వెయ్యడం ఎవరూ చూడలేదు కదా?" అన్నది.

"చూడలే."

ఫైలు మూసింది. ఎవరికీ చెప్పకు, పో అంటదనుకున్న. అబద్ధమెందుకు, అంటె బాగుండు అని గుడ అనుకున్న. ఇద్దరం కలిసి దాస్తె బరువు సగమయితది గదా. గని మేడం ఫోన్ ఎత్తింది. పీసు కొన్నోళ్లకు ఇంగ్లీషుల చెప్పింది. నడుమల ఒకసారి 'రైస్' అన్నది. అవతల మనిషి మల్ల అడిగినట్టున్నడు, మల్ల అన్నది. మొదటి నంబరు పీసును ఎక్కడా బిగించకుండ పక్కకు పెట్టి, సీలు విప్పకుండ వాపస్ పంపమన్నది.

"బిగించిన్రా మేడం ఇప్పటికే?"

"చూసి చెప్తామన్నారు."

"అది ఏ మిషన్లకు పోతది?"

"నాకూ తెలీదు కరుణా. తెలిసినా నీకు చెప్పకూడదు. కానీ నిజంగానే తెలీదు."

అక్కడ్నుంచి పది దినాలు. నన్ను బల్ల కాడికి రానియ్యలే. ఊడ్సుడు, డబ్బాలు సర్దుడు. మేనేజరు నా మొఖం చూడడు. నా పక్క బల్ల పిల్ల ఉజ్వల, నేనే దారం లాగుడు నేర్పిన పిల్ల, నీళ్ల కాడ కలిసి, "అక్కా, ఆర్డరు పోతె అందరి పని పోతదట. నీ నోరు నువ్వు మూసుకుంటె పోయేదేముండె?" అన్నది. నేను చీపురు తీసుకొని ఊడ్సనీకె పోయిన. ఇంట్ల బాలేష్ అదే పాట. "ఎవలడిగిన్రని చెప్పినవ్? భూమి పోయింది, ఇప్పుడు ఇది గుడ పోనీ," అన్నడు. రెండు దినాలు మాట్లాడలే. మూడోనాడు పొద్దుగాల నాతోని బస్టాండు దాక నడిచొచ్చిండు. నా సంచి తనే పట్టుకున్నడు. నేను వ్యాన్ ఎక్కినంక పోయిండు.

చాయ్ బండి కాడ సిద్దయ్య కాకకు ఒక్కనికే చెప్పిన. కాక మొత్తం విని, "చెప్పినవ్ గదా. ఇగ నిమ్మలముండు," అన్నడు. నిమ్మలం ఎక్కడిది? పీసు బిగించిన్రో లేదో ఇంక ఖబరు లేదు. రోజు పొద్దుగాల సారు పేపర్ తెరవంగనే ముందుగాల నేను చూసేది ఒకటే, ఎక్కడన్న ఏదన్న కూలిందా, మునిగిందా, పేలిందా అని. లేదు అనంగనే ఊపిరి తీసుకునేదాన్ని. మల్ల తెల్లారేదాక అంతే.

పదకొండోనాడు డబ్బా వచ్చింది. బిగించలేదట. సీలు గుడ విప్పలే. మేడం నన్ను లోపలికి పిలిచి తలుపు మూసింది. తెల్ల పళ్లెం పెట్టింది, చేతులకు తొడుగులు వేసుకున్నది, సంచి కోసింది. పీసును బోర్లించి మెల్లగ తట్టింది. ఏం పడలే. మల్ల తట్టింది. ఏం లేదు.

కెమెరా లోపలికి పెట్టింది. తెర మీద గొట్టం గోడలు పెద్దగ, వెండి లెక్క మెరుసుకుంట కనబడ్డయి. మొదటి రంధ్రం ఖాళీ. రెండోది ఖాళీ. మూడో దాంట్ల సగం దూరం పోయినంక, రెండు గొట్టాలు కలిసే మూల మీద, పచ్చగ, గుండు లెక్క పెద్దగ కనబడ్డది నా గింజ.

నేను కింద కూలబడ్డ. ఏడ్చిన. సిగ్గు లేకుంట ఏడ్చిన. దొరికింది, ఎవరు సావలే. ఆ ముగ్గురు డబ్బాలకెల్లి బయటికొచ్చి ఇంటికి పోయిన్రు. మేడం గుడ కండ్లు తుడుచుకొని నవ్వింది. సన్న పట్టుకారుతోని గింజను గుంజి పళ్లెంల వేసింది. ఇంత ఉన్నది. నా చిటికెన వేలి గోరుల సగం గుడ లేదు. దీని కోసమా నేను నెల దినాలు సచ్చి బతికింది అని, కోపం, నవ్వు రెండు ఒక్కసారే వచ్చినయి.

"మా అమ్మ చూస్తె చెంపలు వాయించేది మేడం," అన్న.

మేడం తెర దిక్కే చూస్తున్నది.

"కరుణా, మిగతా రెండు గింజలూ బోర్లించగానే పడ్డాయి కదా?"

"అవ్."

"మరి ఇదెందుకు ఆగింది? రంధ్రాలు మూడూ ఒకటే సైజు. లోపల నున్నగా ఉంటే ఇది కూడా జారి పడాలి."

కెమెరాను ఇంకో దిక్కు నుంచి, కింది నుంచి మీదికి పెట్టింది. మెల్లగ తిప్పింది. నేను లేచి దగ్గరికి పోయిన. గింజ ఉన్న మూల కాడ గోడకు ఒక ఇనుప పోగు అతుక్కొని ఉన్నది. వెంట్రుకంత సన్నం. కొస లేచి ఉన్నది. గింజ దాని కిందికి దూరి ఇరుక్కున్నది, ఇప్పుడు గుంజేసరికి అది పైకి లేచింది.

బర్. నేను తియ్యవలసిన బర్.

"గింజ అయితే నూనెలో నలిగి ఎప్పటికో పిండైపోయేదేమో," అన్నది మేడం మెల్లగ. "ఇది కాదు. ఇది ఎప్పుడో విరిగి కొట్టుకుపోతుంది."

"నేను దారం లాగిన మేడం. సాఫ్‌గ వచ్చింది. ఒట్టు."

మేడం నా బల్ల మీది దారం తెప్పించింది. పీసు నా చేతుల పెట్టింది. "ఎలా లాగుతావో లాగు," అన్నది. మీది నుంచి దారం వేసి కిందికి లాగిన. సాఫ్‌గ వచ్చింది, ఎక్కడ తట్టుకోలే. మేడం అదే దారం కింది నుంచి వేసి మీదికి లాగింది. సగం దూరంల ఆగిపోయింది. తట్టుకున్న కాడ దారానికి నూగు లేసింది.

పిల్లి వీపు మీద చెయ్యి వేసి తోక దిక్కు నిమిరితె వెంట్రుకలు పండుకుంటయి, తల దిక్కు నిమిరితె లేస్తయి. అంతే. నాకు మేడం చెప్పకుండనే సమజయింది. తన కెమెరా గుడ రోజు మీది నుంచే పెడ్తది. ఆమెకు గుడ సమజయింది.

"నువ్వు ఎప్పుడూ పైనుంచి కిందికే లాగుతావా?"

"ఎప్పుడు అంతే."

"మిగతా పిల్లలు?"

"నేనే నేర్పిన మేడం."

"ఎన్నాళ్లుగా?"

"నాలుగేండ్లు."

మేడం పట్టుకారు కింద పెట్టింది. ఇద్దరం పళ్లెంల ఉన్న గింజ దిక్కు చూసినం. అదొక్కటి ఆ రంధ్రంల పడబట్టి ఈ పీసు వాపస్ వచ్చింది. నేను గింజ వెయ్యని పీసులు రోజుకు ముప్పై నలభై, నాలుగేండ్ల సంది సీలు పడి పోయినయి. ఎక్కడెక్కడ బిగించిన్రో, ఆ మిషన్లల్ల ఎవరెవరు కూసున్నరో. వాటిల్ల ఎన్ని సాఫ్‌గ ఉన్నయో, ఎన్నిట్ల ఈ పోగు పండుకొని ఉన్నదో, ఎవరికి తెలుసు?

మేడం ఫోన్ దిక్కు చూసింది. చెయ్యి గుడ పెట్టింది. గని ఎత్తలే.

"రేపు మాట్లాడదాం," అన్నది.

తెల్లారి ఏడింటికి చాయ్ బండి కాడికి పోయిన. సిద్దయ్య కాక నన్ను చూసి పక్కకు జరిగి జాగ ఇచ్చిండు.

"దొరికిందా బిడ్డా?"

"దొరికింది కాక."

"మరింకేం. ఫికర్ తీరిపోయింది."

సారు పేపర్ తెరిచిండు. సముద్రం కింద రైలు దారి వేస్తున్నరట ఎక్కడనో. పెద్ద గొంతుతోని మురుసుకుంట చదువుతున్నడు. మరియక్క చాయ్ గ్లాసు నా చేతుల పెట్టి, ఇగనన్న నవ్వరాదే అన్నది. అప్పుడే చెరువు మీదికెల్లి ఒక విమానం శంషాబాద్ దిక్కు దిగుకుంట వచ్చింది. రోజు పోయేదే. కిటికీలు గుడ కనబడేంత కిందికి ఉన్నది. ఇన్నేండ్లల్ల నేను ఎన్నడు తలెత్తి చూడలే.

వ్యాన్ వచ్చి హారన్ కొట్టింది. డ్రైవరు రెండుసార్లు పిలిచిండు. ఆ విమానం గుట్టల వెనుకకు పోయి, దాని చప్పుడు ఆగిపోయేదాక నేను ఎక్కలే.